కుట్టు మిషన్ ఇచ్చారు, లెక్క కాగితం దాచుకున్నారు



పోయిన భాగంలో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ గురించి రాశాను. అది చదివి బోధన్ వైపు నుంచి కొందరు ఆడపిల్లలు మెసేజ్ పెట్టారు. మాటలు వేరైనా ప్రశ్న ఒక్కటే. ఇంటర్ అయిపోయింది, డిగ్రీలో ఫ్యాషన్ డిజైన్, మర్చండైజింగ్ చదవాలని ఉంది. ఇంట్లో "దర్జీ పనికి డిగ్రీ దేనికే" అంటున్నారు. ఉద్యమంలో ఉన్న అన్నలేమో "అది ఉన్నోళ్ల చదువు, మనకెందుకు" అంటున్నారు. మీరేమంటారు అని అడిగారు.

చదవమనే అంటాను. అంతమాత్రం చెప్పి ఊరుకుంటే రేపు ఇంట్లో మాట్లాడటానికి మీ దగ్గర మాట ఉండదు. అందుకే ఈ భాగం బట్టల మీద రాస్తున్నాను. బట్ట మన చరిత్రలో చిన్న విషయం ఎన్నడూ కాదు.

బాబాసాహెబ్ 'కుల నిర్మూలన'లో ఒక వార్తను ఎత్తి చూపిస్తాడు. అది 1928 జనవరి 4న టైమ్స్ ఆఫ్ ఇండియాలో వచ్చింది. ఇందోర్ జిల్లాలో (మన ఇందూరు కాదు, మధ్య భారతంలోని ఇందోర్) కొన్ని ఊళ్ల పెద్దకులాలవాళ్లు బలాయీలనే అంటరాని కులం వాళ్లకు షరతులు పెట్టారు. ఊళ్లో బతకాలంటే జరీ అంచు తలపాగా చుట్టొద్దు. రంగు అంచు, డిజైన్ అంచు ఉన్న ధోతి కట్టొద్దు. ఆడవాళ్లు వెండి బంగారం పెట్టొద్దు, సొగసైన లంగాలు, రవికలు తొడగొద్దు. కుదరదన్న వాళ్లకు బావి నీళ్లు బంద్, పశువుల మేత బంద్. చివరికి వాళ్లు ఇల్లూ వాకిలీ వదిలి పోవాల్సి వచ్చింది.

ఆ షరతుల్ని మళ్లీ ఒకసారి చదవండి. బట్ట కట్టుకోవద్దని ఎవరూ అనలేదు. అంచు ఉండొద్దన్నారు. ఒళ్లు కప్పుకోవడానికి అనుమతి ఉంది, అందంగా కనబడటానికి లేదు. ధోతి ధోతే, కానీ దాని అంచు మీద ఒక రంగు గీత ఉంటే అది తిరుగుబాటు! ఇప్పటి కాలేజీలు డిజైన్ అని పిలిచేది ఆ గీతనే. డిజైన్ ఉన్నోళ్ల సోకు అనే అన్నలకు నేను చెప్పేది ఇదే. ఆ గీత కోసం మనవాళ్లు ఊళ్లు ఖాళీ చేశారు.

ఇది పాత రాతే. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుడు శవాల మీది బట్టలు కట్టుకోవాలంటుంది. ఆ పుస్తకాన్ని 1927 డిసెంబర్ 25న మహద్‌లో తగలబెట్టిన సంగతి మనందరికీ తెలుసు, ప్రతి ఏడూ గుర్తు చేసుకుంటాం. అదే మహద్ సభల్లో ఆడవాళ్లతో బాబాసాహెబ్ మాట్లాడిన మాటలు మాత్రం మన మీటింగుల్లో తక్కువ వినబడతాయి. ఆయన వాళ్లకు చీర కట్టు గురించి చెప్పాడు. మిమ్మల్ని చూడగానే ఫలానా కులం అని గుర్తుపట్టేలా ఉన్న ఆ పొట్టి కట్టు మానండి, పైకులాల ఆడవాళ్లు కట్టినట్టే కట్టండి, మెడ నిండా, చేతుల నిండా ఆ వెండి, ఇత్తడి సరుకు తగ్గించండి, బట్ట చిరిగినా పర్వాలేదు, శుభ్రంగా ఉండాలి అన్నాడు. చాలామంది ఆడవాళ్లు అక్కడికక్కడే కట్టు మార్చుకున్నారని ఆయన జీవిత చరిత్రకారులు రాశారు. శవాల బట్ట కట్టుకోమన్న పుస్తకం కాలడం, చీర కుచ్చిళ్లు పాదాల దాకా దిగడం ఒకే సభలో జరిగాయి. ఈ రెండోదాన్ని ఆడవాళ్ల ముచ్చటని పక్కన పెట్టింది మన మగ నాయకత్వమే. చెప్పక తప్పదు.

ఇక మన వైపుకు వద్దాం.

తెలంగాణ గడీల కాలంలో మాల, మాదిగ మగవాళ్ల ధోతి మోకాలు దిగేది కాదు. దొర ఎదురైతే భుజం మీది తువ్వాల చంకలోకి పోవాలి, చెప్పులు చేతిలోకి రావాలి. ఆ చెప్పులు కుట్టింది ఎవరు? మాదిగలే. దొరకు చెప్పులు, ఎద్దులకు పట్టెడలు, బావి మీద మోటకు తోలు సంచి, అన్నీ వెట్టిలో కుట్టి ఇచ్చింది వాళ్లే. తోలును ఊనబెట్టి, కోసి, కొలిచి, కుట్టే విద్యంతా వాళ్ల చేతుల్లో ఉంది. తొడుక్కునే హక్కు లేదు, ధర చెప్పే హక్కు అసలే లేదు.

మాలలది మగ్గం కథ. షెడ్యూల్డ్ కులాల జాబితా తీసి చూడండి. అందులో 'మాల సాలె, నేతకాని' అని ఒక పేరు కనబడుతుంది. సాలె అంటే నేసేవాడు. నేతకాని అన్నా నేసేవాడే. నేత అనగానే మనకు పద్మశాలి గుర్తొస్తాడు, అందులో తప్పు లేదు, వాళ్ల కష్టం వాళ్లది. కానీ ఊళ్లో కూలిజనం కట్టిన ముతక బట్ట నేసింది మాల మగ్గం. మిల్లు బట్ట వచ్చాక ఆ మగ్గం పోయింది, పేరు మాత్రం జాబితాలో మిగిలింది. కాబట్టి "మనకూ బట్టలకూ ఏం సంబంధం" అని ఎవరైనా అడిగితే సర్టిఫికెట్ల మీదే రాసి ఉందని చెప్పండి.

నిజాం ప్రభుత్వం మంజీర మీద నిజాంసాగర్ కట్టింది. 1931కల్లా పని పూర్తయింది. కాలువ నీళ్లకు చెరకు వచ్చింది, చెరకుకు బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో 1937లో ఫ్యాక్టరీ వచ్చింది. దానికి మూడేళ్ల ముందే, 1934లో, వరంగల్‌లో ఆజంజాహీ బట్టల మిల్లు పెట్టారు. చక్కెరకు, బట్టకు ఒకే దశాబ్దంలో చిమ్నీలు లేచాయి. కోస్తా నుంచి వచ్చిన రైతులు కాలువల కింద భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. బోధన్, వర్ని, కోటగిరి చుట్టూ ఇప్పటికీ ఊరి పేర్ల చివర 'క్యాంప్' అని ఉంటుంది. మనకు భూమి రాలేదు, ఆ భూమి మీద కైకిలి వచ్చింది. ఫ్యాక్టరీలో కొందరికి నౌకరి వచ్చింది. ప్రభుత్వ సంస్థ కాబట్టి అందులో రిజర్వేషన్ ఉండేది. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించి గేటు మూశారు. ఇదంతా పోయిన భాగంలో వివరంగా ఉంది, మళ్లీ రాయను.

అందులో రాయకుండా వదిలిన విషయం ఒకటుంది. అది చెరకు తోటలో ఆడవాళ్లు వేసుకునే బట్ట.

చెరకు ఆకు రంపం లాంటిది. తోటలోకి దిగిన గంటకే చేతులు, మెడ గీరుకుపోతాయి, చెమట తగిలితే మంట. ఆకుల మీది నూగు చర్మంలో గుచ్చుకుంటే రాత్రంతా దురద. అందుకే మా అవ్వ, వాళ్ల జట్టులోని ఆడవాళ్లంతా చీర మీద మగవాళ్ల పాత ఫుల్ చేతుల అంగీ తొడుక్కునేవాళ్లు. అంగీ చేతులు మణికట్టు దగ్గర వదులుగా ఉంటే ఆకు లోపలికి దూరుతుంది. అందుకని అవ్వ పాత ప్యాంటు కాళ్లు కోసి చేతులకు జేబుల్లాగా కుట్టి, చివర నాడా దూర్చేది. కాలర్ పైకి లేపి మెడ చుట్టూ తువ్వాల. చీరను కాళ్ల మధ్య నుంచి వెనక్కి దోపి, మోకాళ్ల కింద గుడ్డపీలికతో కట్టు. నడుము దగ్గర మాత్రం చీర వదులు, వంగి నరకాలి కదా! ఏ కాలేజీలో చదివిందని ఆమెకు ఇదంతా తెలిసింది? పని ఏంటి, ఒళ్లు ఎక్కడ వంగుతుంది, ఎక్కడ తెగుతుంది, చేతిలో ఏ గుడ్డ ఉంది అని చూసి బట్ట తయారు చేయడమే డిజైన్ పాఠాల్లో మొదటి పాఠం. నాకు ఈ మాట చెప్పింది డిజైన్ చదివిన ఒక దోస్తు. వాళ్లకు మొదటి సెమిస్టర్‌లో ఇదే నేర్పారట, తొడుక్కునే మనిషిని ముందు చూడమని. అవ్వకు చెబితే నవ్వింది.

ఇప్పటికీ మన ఆడవాళ్లు పత్తి చేనుకైనా, పసుపు తోటకైనా అవే పాత మగ అంగీలతో పోతారు. దేశంలో కోట్ల మంది ఆడకూలీలు ఉన్నారు. వాళ్ల పనికి తగ్గ బట్ట తయారు చేసి అమ్మాలని ఏ కంపెనీకీ తోచలేదు, ఎందుకంటే ఆ కంపెనీల్లో బొమ్మ గీసే వాళ్లెవరూ చెరకు తోటలో నిలబడలేదు. ఈ చదువు మన పిల్లలకు ఎందుకంటే ఒక కారణం ఇది.

సరే, సర్కారు మనకు ఏమిచ్చింది? కుట్టు మిషన్ ఇచ్చింది. ఎస్సీ కార్పొరేషన్ ఇచ్చినా, మహిళా సంక్షేమం కింద ఇచ్చినా, ఎమ్మెల్యే పుట్టినరోజుకు పంచినా అదే మిషన్. మన జిల్లా జోగిని వ్యవస్థకు పేరు మోసింది. హేమలత, లవణం దంపతులు ఇక్కడే జోగినుల మధ్య ఏళ్ల తరబడి పని చేశారు, 1988లో నిషేధ చట్టం వచ్చింది. ఆ పనిని నేను గౌరవిస్తాను. కానీ దళిత ఆడమనిషికి పునరావాసం అంటే ఈ రాజ్యానికి తెలిసినవి రెండే: బర్రె, కుట్టు మిషన్. మిషన్‌ను నేను తక్కువ చేయను. మా ఇంట్లో ఆ మిషన్ మీదే ఫీజులు కట్టాం. అవ్వ పగలు తోటకు పోయి రాత్రి జాకెట్లు, ఫాల్స్ కుట్టేది. పెళ్లిళ్ల సీజన్‌లో కాజాలు, గుండీలు నా వంతు. అవ్వ మిషన్ తొక్కింది నలభై ఏళ్లు. బోధన్‌లో జాకెట్ కుట్టుడుకు ఎంత ఇవ్వాలో ఆ నలభై ఏళ్లూ వేరేవాళ్లే చెప్పారు.

ఇక్కడే మర్చండైజింగ్ అనే మాట దగ్గరకు వస్తాం. ఆ మాటను చూసి భయపడకండి. ఒక షాపుకో బ్రాండ్‌కో ఏ బట్ట కావాలి, ఎన్ని కావాలి, ఏ సైజుల్లో, ఏ రంగుల్లో, ఏ తారీఖుకు కావాలి, ఎంతకు కొని ఎంతకు అమ్మాలి, ఇవన్నీ తేల్చే పని అది. ఫ్యాక్టరీలో మర్చండైజర్ కొనేవాడికి, కుట్టేవాడికి మధ్య నిలబడతాడు. శాంపిల్ పాస్ చేయిస్తాడు, గుడ్డకు, దారానికి, జిప్పులకు ఆర్డర్ పెడతాడు, ఎన్నో రోజున కటింగ్, ఎన్నో రోజున కుట్టు, ఎన్నో రోజున లారీ ఎక్కాలి అని క్యాలెండర్ వేస్తాడు. అన్నిటికంటే ముఖ్యం కాస్టింగ్ షీట్. ఒక చొక్కాకు గుడ్డ ఎన్ని మీటర్లు, గుండీలకెంత, కటింగ్, కుట్టు, ప్యాకింగ్ కలిపి ఎంత, రవాణా ఎంత, లాభం ఎంత అని వరుసగా రాసిన కాగితం అది. అవ్వ నలభై ఏళ్ల కష్టం ఆ కాగితంలో ఒక్క వరుస. ఆ వరుసలో అంకె వేసేది ఇంకొకరు. ధర తగ్గించాల్సి వస్తే ముందు కోత పడేది ఆ వరుసకే, ఎందుకంటే గుడ్డ మిల్లువాడు తగ్గించడు, లారీవాడు తగ్గించడు.

ఆ కాగితం ఎవరి చేతిలో ఉంటే ఏమవుతుందో తెలంగాణ అంతా 2017లో చూసింది. బతుకమ్మకు ఆడపడుచులకు కోటి దాకా చీరలు పంచుతామని సర్కారు ప్రకటించింది. సిరిసిల్ల మరమగ్గాలకు పని దొరకాలన్నది ఆలోచన, మంచిదే. కానీ పండుగ తారీఖు దగ్గరపడింది, మగ్గాలకు అన్ని చీరలు నేసే వ్యవధి లేదు, దాంతో పెద్ద వాటా సూరత్ నుంచి తెప్పించారు. నాణ్యత బాగాలేదని కొన్నిచోట్ల ఆడవాళ్లు రోడ్డు మీద వేసి తగలబెట్టారు. రాజకీయాలు పక్కన పెట్టండి. ఎన్ని మగ్గాలు, రోజుకు ఎన్ని మీటర్లు, ఎన్ని నెలల ముందు నూలు ఇవ్వాలి, కట్టుకునే ఆమెకు ఏ గుడ్డ నచ్చుతుంది? ఈ నాలుగు లెక్కలు ముందే వేసి ఉంటే సూరత్ లారీలు రావు. ఆ తర్వాతి ఏళ్లలో ముందుగానే ఆర్డర్లు ఇచ్చి, రంగులు, అంచులు పెంచి సిరిసిల్లలోనే ఎక్కువగా నేయించారు. మర్చండైజింగ్ అంటే షాపింగ్ మాల్ ముచ్చట కాదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మన కథకు అద్దం లాంటి కథ నల్లవాళ్ల చరిత్రలో ఉంది.

ఎలిజబెత్ కెక్లీ 1818లో వర్జీనియాలో బానిసగా పుట్టింది. కుట్టుపని మీద సంపాదించిన పేరుతో, పనిచేయించుకున్న ఆడవాళ్లే అప్పుగా సర్దిన డబ్బుతో 1855లో తనకూ కొడుకుకూ కలిపి 1,200 డాలర్లు కట్టి విడుదల కొనుక్కుంది. తర్వాత వాషింగ్టన్ వెళ్లి అధ్యక్షుడు లింకన్ భార్యకు గౌన్లు కుట్టింది. ఇదంతా చాలామందికి తెలుసు. 1892లో, డెబ్బై దాటిన వయసులో, ఆమె ఒహాయోలోని విల్బర్‌ఫోర్స్ యూనివర్సిటీలో కుట్టుపని, గృహశాస్త్ర విభాగానికి అధిపతిగా చేరింది. అది నల్లవాళ్ల కాలేజీ. రెండేళ్ల తర్వాత అదే కాలేజీకి డుబాయిస్ వచ్చి గ్రీకు, లాటిన్ పాఠాలు చెప్పాడు. కుట్టు నేర్పిన కాలేజీ, ప్రాచీన భాషలు నేర్పిన కాలేజీ ఒక్కటే. తర్వాత నల్లవాళ్లలో పెద్ద గొడవే నడిచింది. చేతిపని నేర్చుకుని ముందు పొట్ట నింపుకుందామని బుకర్ టి. వాషింగ్టన్, చరిత్ర, తత్వం, సాహిత్యం మనకూ కావాలి, లేకపోతే ఎప్పటికీ చేతులుగానే మిగులుతామని డుబాయిస్. నేను డుబాయిస్ వైపే. కానీ కెక్లీ లాంటి మనిషిని చూస్తే ఆ రెండింటినీ విడదీయడమే పొరపాటనిపిస్తుంది. మాకు అంబేడ్కర్ చదివే క్లాసు, ప్యాటర్న్ గీసే క్లాసు ఒకే బిల్డింగులో కావాలి.

రెండో మనిషి ఆన్ లో. అలబామాలో పుట్టింది, అమ్మమ్మ బానిసత్వంలో కుట్టుపని చేసిన మనిషి. 1917లో న్యూయార్క్‌లో ఒక డిజైన్ స్కూల్లో చేరితే తెల్ల విద్యార్థులతో కూర్చోనివ్వలేదు, వేరే గదిలో ఒంటరిగా కూర్చోబెట్టారు. (మన బడుల్లో వెనక బెంచీ గుర్తొచ్చిందా?) అయినా ముందే చదువు ముగించింది. 1953లో కెనెడీతో జాక్వెలిన్ పెళ్లికి గౌను ఈమెదే. పెళ్లికి పదిరోజుల ముందు షాపులో నీటి పైపు పగిలి ఆ గౌను, తోడిపెళ్లికూతుళ్ల గౌన్లు పాడైపోయాయి. ఎవరికీ చెప్పకుండా రాత్రింబగళ్లు మళ్లీ కుట్టించింది, 2,200 డాలర్లు నష్టపోయింది. గౌన్లు అప్పగించడానికి వెళితే పనివాళ్ల దారిలో రమ్మన్నారు. అలాగైతే వెనక్కి తీసుకుపోతానంది, ముందు ద్వారం తెరిచారు. ఇంత చేసిన మనిషి 1962లో పన్ను బాకీల కింద తన షాపు పోగొట్టుకుంది. డబ్బున్న ఆడవాళ్లు బేరమాడితే ఖర్చు కూడా రానంత తక్కువకు కుట్టి ఇచ్చేది. అమెరికాలో ఆమె చేతికి సాటి వచ్చినవాళ్లు కొద్దిమందే, కానీ కాస్టింగ్ షీట్ ఆమె చేతిలో లేదు. అందుకే డిజైన్ ఒక్కటే చాలదు, మర్చండైజింగ్ కూడా చదవండి అంటున్నాను.

మన దగ్గరకే వస్తే, 2025 జూన్‌లో మిలాన్ షోలో ప్రాడా కంపెనీ అచ్చం కొల్హాపురీ చెప్పుల్లాంటివి చూపించింది. వాటి వెనక ఎవరున్నారో చెప్పలేదు. గొడవయ్యాక ఒప్పుకుంది. 2019లోనే జీఐ గుర్తింపు వచ్చిన చెప్పు అది, చమార్, ఢోర్ కులాలవాళ్ల చేతి పని. పేపర్లు 'భారతీయ కళ' అని రాశాయి. తోలు ఊనబెట్టినప్పుడు అంటరాని కులం, మిలాన్‌కు పోయాక భారతీయ కళ! మన మోటతోలు, మన చెప్పు, మన డప్పు మీద ఇలాంటి కేసు రేపు వస్తే వాదించడానికి చరిత్ర, డిజైన్, వ్యాపారం మూడూ తెలిసిన మనిషి మనలో ఉండాలి.

ఇక ఎక్కడ చదవాలి అన్నది. హైదరాబాద్‌లో నిఫ్ట్ 1995 నుంచి ఉంది. బీడిజైన్ నాలుగేళ్లు, ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం సీట్లు. కానీ ఫీజు మొత్తం కలిపితే పది లక్షలు దాటుతుంది, ప్రవేశ పరీక్షకు బొమ్మలు గీయడం, వస్తువులతో మోడల్ చేయడం రావాలి. కోచింగ్ లేని పిల్లకు అదే పెద్ద గోడ. రాయదుర్గంలో ఎఫ్‌డీడీఐ ఉంది, చెప్పుల డిజైన్‌తో పాటు రిటైల్ అండ్ ఫ్యాషన్ మర్చండైజ్ పేరుతోనే బీబీఏ ఉంది. సిరిసిల్లలో గిరిజన గురుకుల సొసైటీ ఫ్యాషన్ కోర్సుల డిగ్రీ కాలేజీ నడుపుతోంది. వీధి వీధికీ ఉన్న 'ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్'ల జోలికి మాత్రం గుర్తింపు కాగితం చూడకుండా పోవద్దు. మా బంధువుల అమ్మాయి ఒకచోట డబ్బు కట్టి ఏడాది తర్వాత తెచ్చుకున్న సర్టిఫికెట్ ఏ కాలేజీలోనూ చెల్లలేదు.

నిజామాబాద్‌లో మనం అడగాల్సిన విషయం వేరే ఉంది. 1956 నుంచి నడుస్తున్న గిరిరాజ్ కాలేజీకి స్వయంప్రతిపత్తి ఉంది. డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ ఉంది. 2016లో మొదలైన సాంఘిక సంక్షేమ మహిళా డిగ్రీ గురుకులాల్లో ఒకటి నిజామాబాద్‌కు వచ్చింది. దోస్త్‌లో బీఏకు సబ్జెక్టులు కలిపి ఎంచుకునే పద్ధతి వచ్చింది. చరిత్ర, అర్థశాస్త్రం పక్కన ఫ్యాషన్ డిజైన్, మర్చండైజింగ్ పెట్టమని అడగడానికి ఇంతకంటే ఏం కావాలి? పది మిషన్లు, కటింగ్ టేబుళ్లు, ఒక కంప్యూటర్ ల్యాబ్, ఇద్దరు టీచర్లు. సిరిసిల్ల మగ్గాలు, ఆర్మూర్ పసుపు తోటలు, బోధన్ చెరకు తోటలు ఫీల్డ్ విజిట్లకు బస్సు దూరంలో ఉన్నాయి. విద్యార్థి సంఘాల దోస్తులు ఈ జూన్ లోపు వినతిపత్రం తయారు చేయండి, డ్రాఫ్ట్ నాకు పంపితే చూస్తాను.

అప్పటిదాకా ఆగలేని పిల్లలకు రెండు విషయాలు. ఒకటి, నిఫ్ట్‌లో మర్చండైజింగ్‌కు దగ్గరి చదువు మాస్టర్ ఆఫ్ ఫ్యాషన్ మేనేజ్‌మెంట్, రెండేళ్లు. దానికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. బీఏ చరిత్ర చదివిన పిల్ల కూడా రాయొచ్చు. రెండు, ఎస్సీ విద్యార్థుల కోసం కేంద్రానిది 'టాప్ క్లాస్ ఎడ్యుకేషన్' స్కాలర్‌షిప్ ఉంది. ఐఐటీలు, ఐఐఎంలతో పాటు నిఫ్ట్‌లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి, ఒక్కో సంస్థకు ఇన్ని అని పరిమితి ఉంటుంది కాబట్టి సీటు వచ్చిన రోజే కాలేజీ ఆఫీసులో అడగండి. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతా, ఈ మూడింటిలో పేరు స్పెల్లింగ్ ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. వచ్చే భాగంలో భివండి మరమగ్గాలకు వలసపోయిన మనవాళ్ల గురించి రాస్తాను. మీ ఇంట్లో అక్కడ పని చేసిన తాత, పెదనాయిన ఎవరైనా ఉంటే వాళ్లను కూర్చోబెట్టి అడిగి, రాసి పంపండి.